నాణెంపై వింత: అచ్చులో తప్పా, వాడకంలో దెబ్బా?

పాత నాణెంలో కనిపించే వింతకు విలువ కట్టేవారు అది ఎంత అరుదైనదో ఆలోచించడానికి ముందే, ఎప్పుడు ఏర్పడిందో తేల్చుకోవలసి ఉంటుంది. టంకశాల గడప దాటక ముందు జరిగిన పొరపాటునే సేకరణదారులు ఎర్రర్‌గా అంగీకరించి అదనపు ధర చెల్లిస్తారు. ఆ తరువాత జేబులోనో, హుండీలోనో, కంసాలి పట్టకారు కిందనో కలిగిన మార్పు ఎంత విచిత్రంగా ఉన్నా దెబ్బగానే లెక్కకు వస్తుంది. ఈ తేడా తెలియాలంటే ధరల పట్టికకన్నా ముందు నాణెం తయారయ్యే తీరు తెలియాలి. లోహపు రేకు నుంచి గుండ్రని బిళ్లలను కత్తిరిస్తారు. ఆ బిళ్లల అంచును చుట్టూ నొక్కి కాస్త పైకి లేపుతారు. ఆపైన బొమ్మ, బొరుసుల రూపాలను తిరగవేసి చెక్కిన రెండు ఉక్కు అచ్చుల మధ్య, కాలర్ అనే కడియంలో బిళ్లను ఉంచి ఒక్క పోటుతో ముద్ర వేస్తారు.

ఏ దశలో జరిగిన తప్పు ఆ దశకు చెందిన ఆనవాలునే లోహంలో వదులుతుంది. రేకు సరిగా ముందుకు జరగనప్పుడు కోత యంత్రపు పోటు అంతకు ముందే బిళ్ల తీసిన ఖాళీ మీద కొంత పడి, కొత్త బిళ్ల ఒకవైపు నెలవంక ఆకారంలో కొరికినట్టుగా బయటికి వస్తుంది. దీనిని క్లిప్ అంటారు. ఆకురాయితో అరగదీసి ఇదే రూపాన్ని తెచ్చి అమ్మజూపేవారు లేకపోలేదు గాని, అటువంటి నాణెం పట్టుబడేది కొరికిన చోట కాదు, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచున. అంచు లేపే యంత్రంలో బిళ్ల రెండు వైపుల నుంచీ ఒత్తిడికి లోనవుతుంది కనుక, ఒక వైపు లోహమే లేనప్పుడు ఎదురు వైపున కూడా ఒత్తిడి చాలక అంచు పల్చబడి, కొన్నిసార్లు పూర్తిగా కనిపించకుండా పోతుంది. పైగా క్లిప్ పక్కనున్న అక్షరాలు ముద్రపోటుకు ఆ ఖాళీ వైపు సాగినట్టుగా ఉంటాయి. ముద్ర పడిన తరువాత ఆకురాయి పెట్టినవాడు ఒక వైపు లోహాన్ని తీసివేయగలడు గాని, ఎదురు అంచును పల్చబరచాలన్న సంగతి అతనికి సాధారణంగా తట్టదు. నాణేల పరిశీలనలో ఇంత నిశ్చయంగా సాక్ష్యం చెప్పే గుర్తులు తక్కువే.

గీతల విషయం ఇంకా సులువు. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం ఎగదన్నుతుంది కాబట్టి నాణెంపై గీత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. నాణెమే గీసుకుపోతే గీత లోతుగా ఉండి, పక్కకు నెట్టుకుపోయిన లోహం దాని గట్టున చిన్న వరసగా పేరుకుంటుంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద, పక్కనుంచి వాలుగా వెలుతురు పడేలా పట్టుకుంటే ఈ రెంటినీ పొరబడే అవకాశం ఉండదు.

మన దేశపు సేకరణదారులు లాఖీ అని పిలిచే నాణెం మరింత శ్రద్ధను కోరుతుంది. ముద్ర పడిన నాణెం అచ్చుకే అతుక్కుని ఉండిపోగా, తరువాతి బిళ్ల ఒకవైపు సరైన ముద్రను, రెండోవైపు ఆ అతుక్కున్న నాణెపు రూపాన్ని గుంటగా, అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి గ్రహించడం వల్ల ఇది పుడుతుంది. రెండు మంచి నాణేలను వైస్‌లో బిగించి నొక్కినా తిరగబడిన గుంట రూపం వస్తుంది. అయితే అప్పుడు అసలు ముద్ర అవశేషాలు దాని కింద మిగిలే ఉంటాయి, బిగింపుకు వెనకవైపు ఎత్తైన భాగాలు చదునవుతాయి. అసలైన లాఖీలో ఆ ముఖాన సహజ ముద్ర జాడ బొత్తిగా ఉండదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1943లో మొదలై 1947 వరకు వెలువడిన, నడుమ రంధ్రమున్న కంచు పైసాను, అంటే తెలుగు ఊళ్లు చిల్లు కానీగా ఎరిగిన నాణేన్ని, ఎర్రర్‌గా భావించి తెచ్చేవారు నేటికీ ఉన్నారు. ఆ చిల్లు రూపకల్పనలో భాగమే. అది నడుమ నుంచి బాగా పక్కకు జరిగినప్పుడో, అసలు లేనప్పుడో మాత్రమే పరిశీలన మొదలుపెట్టాలి.

తేదీ కింది నక్షత్రానికి లక్షల ధర పలుకుతుందన్న ప్రచారం ఇంతకన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. ఆ నక్షత్రం 1803లో నిజాం పాలనలో మొదలై, 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి తరలిన హైదరాబాద్ టంకశాల గుర్తు. ముంబైకి వజ్రాకారం, నోయిడాకు చుక్క ఉన్నట్టే అదీ ఉంది, కోల్‌కతాకు ఏ గుర్తూ లేదు. చిల్లరలో నిత్యం కనిపించే ఈ గుర్తును అరుదైనదిగా నమ్మించి, అమ్మిపెట్టడానికి ముందుగా రుసుము కట్టించుకోవడం విలువ కట్టడం కిందకు రాదు, దోపిడీ కిందకు వస్తుంది. తన పేరును, చిహ్నాన్ని వాడుకొని పాత నాణేల క్రయవిక్రయాలకు రుసుములు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది.

ఇక చింతపండుతో తోమిన రాగి నాణేల సంగతి విచారకరమైనది. దశాబ్దాలుగా లోహంపై ఏర్పడిన గోధుమరంగు పొర, దానితోపాటు పరిశీలకునికి పనికివచ్చే సూక్ష్మమైన ఆనవాళ్లు పులుపుకు, పీచు రాపిడికి పోయి, నిజమైన ఎర్రర్ ఉన్న నాణెం కూడా సగం విలువకు దిగజారవచ్చు. కనుక పరిశీలనకు తెచ్చే నాణేన్ని ఉన్నది ఉన్నట్టుగా, అంచులు పట్టుకుని తేవడమే మేలు.

కొక్కెం అతికి మెడలో వేసుకున్న విక్టోరియా రూపాయి ఎర్రర్ కాదు, అతుకు పడినందున సేకరణదారుడు దానికి పూర్తి ధర కట్టడు కూడా. అయినా 11.66 గ్రాముల బరువు, 91.7 శాతం వెండి ఉన్న ఆ నాణెంలో అరుగుదల పోను సుమారు పదిన్నర గ్రాముల శుద్ధమైన వెండి మిగిలే ఉంటుంది గనుక, నిజాయితీగల పరిశీలకుడు అతుకు లోహాన్ని మినహాయించి ఆ వెండి విలువను విడిగా లెక్కగట్టి, సొంతదారుకు కాగితంపై రాసిస్తాడు.