ప్రక్రియల క్రమం బోధనలో కృత్యాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

2 + 3 × 4 విలువ ఎంత? దుకాణాల్లో వాడే చిన్న కాలిక్యులేటరులో వరుసగా నొక్కితే సాధారణంగా 20 వస్తుంది. సెల్‌ఫోనులోని కాలిక్యులేటరు సాధారణంగా 14 చూపుతుంది. రెండింటినీ తరగతిలో పక్కపక్కన ఉంచి "ఏది సరైనది? ఎందుకు?" అని అడిగితే అదే ఒక మంచి కృత్యం. మొదటి ప్రశ్నకు 'బోడ్‌మాస్' సూత్రం జవాబు చెబుతుంది, రెండో ప్రశ్నకు చెప్పదు. వాడుకలో ఉన్న చాలా కృత్యాల లోపం కూడా ఇదే.

కృత్యాధార బోధన మదనపల్లె, కుప్పం ప్రాంతాలకు కొత్త కాదు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం, ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులకు చెప్పే బడుల కోసం పాఠ్యపుస్తకం స్థానంలో కృత్య కార్డులను, వాటి వరుసను చూపే 'నిచ్చెన'ను రూపొందించింది. 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడుల్లో మొదలైన కృత్యాధార పద్ధతికి ఈ నమూనా ప్రేరణ అయింది. కుప్పం సమీపంలో ఆవరణ ఉన్న అగస్త్య ఫౌండేషన్ సంచార ప్రయోగశాలల ద్వారా నమూనాలను గ్రామీణ బడులకు చేరుస్తోంది. పిల్లలు తమ వేగంతో, తమ చేతులతో నేర్చుకోవాలన్న ఈ దృష్టి విలువైనది. అయితే చేతికి పని దొరికినంత మాత్రాన ఆలోచనకు పని దొరికినట్టు కాదు. కృత్యం దేన్ని అభ్యాసం చేయిస్తోందో విడిగా పరిశీలించాలి.

ఉదాహరణకు గళ్ల ఆటను తీసుకుందాం. నేలపై ఆరు గళ్లు గీసి వరుసగా బ్రాకెట్లు, 'ఆఫ్', భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత అని రాస్తారు. పిల్లలు ఒక్కో గడిలోకి దూకుతూ ఆ ప్రక్రియను పూర్తి చేస్తారు. ఆట ఉత్సాహంగా సాగుతుంది. ఇప్పుడు 10 − 4 + 3 ఇవ్వండి. కూడిక గడి ముందుంది కనుక 4 + 3 = 7, 10 − 7 = 3 అంటారు. సరైన జవాబు 9. కూడిక, తీసివేతలు సమాన స్థాయివి. వాటిని ఎడమ నుంచి కుడికి చేయాలి. గుణకార భాగహారాలూ అంతే. అమెరికా బడుల్లో వాడే 'పెమ్‌డాస్'లో గుణకారం ముందు వస్తుంది. దాన్ని అక్షరాలా పాటించినవారు 24 ÷ 4 × 2 కు 12 బదులు 3 తెస్తారు. ఈ ఆట తప్పును సరిదిద్దదు, ఆనందంగా బలపరుస్తుంది.

మరి 'ఎందుకు' అన్నదాన్ని ఎలా చూపాలి? పుంగనూరు పొట్టి ఆవులనే తీసుకోండి. ఇంట్లో 2 లీటర్ల పాలున్నాయి. 3 ఆవులు ఒక్కొక్కటి 4 లీటర్లు ఇచ్చాయి. మొత్తం 2 + 3 × 4 = 14 లీటర్లు. ముందు 2 + 3 చేస్తే వచ్చే 5 దేనికి లెక్క? లీటర్లకా, ఆవులకా? లీటర్లను ఆవులతో కూడలేం. గుణకారం ఆవులను లీటర్లుగా మార్చాకే కూడిక సాధ్యం. ఇక దొడ్డిలో 2 ఆవులుండగా మరో 3 కొన్నారనుకోండి. అప్పుడు (2 + 3) × 4 = 20. అవే అంకెలు, వేరే కథ. బ్రాకెట్ల అవసరం ఇక్కడ తెలుస్తుంది. చెంబులు, గింజలతో పిల్లలే దీన్ని చేసి చూడవచ్చు.

ఒక హెచ్చరిక. ప్రక్రియల క్రమం ప్రకృతి నియమం కాదు, గణితజ్ఞుల ఒడంబడిక. ఆవుల కథ దానికి రుజువు కాదు. ఆ ఒడంబడిక ఎంత సహజమో చూపుతుంది, అంతే. ఆ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. కారణం తెలియకుండా సూత్రాన్ని కంఠస్థం చేసినవారికి బీజగణితం వచ్చేసరికి గణితమంతా ఎవరో పెట్టిన ఆజ్ఞల జాబితాగా కనిపిస్తుంది. రేపు ఉపాధ్యాయులు కాబోయే మీరు ఏ కృత్యాన్నైనా ఈ ప్రశ్నతో తూచండి: పిల్లలు తప్పు చేసినప్పుడు, అది తప్పని ఈ కృత్యమే వారికి చూపగలదా?

అభ్యాసం: 20 − 3 × 4, (20 − 3) × 4 లకు మీ ఊరి వ్యవహారాల నుంచి ఒక్కో కథ రాయండి.