దక్షిణచిత్రలో ఒక రోజు: ఇళ్లూ, మాటలూ, ఎల్లలూ

మా సర్టిఫికెట్ తరగతి విద్యార్థులను ఏడాదికొకసారి ముట్టుకాడులో ఉన్న దక్షిణచిత్రకు తీసుకొని వెళ్లడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. చెన్నైకి దక్షిణంగా సముద్రతీర రహదారి మీద బస్సులో గంట ప్రయాణం. విద్యార్థులు దీన్ని విహారయాత్ర అంటారు, నేను పాఠం అంటాను. ఈసారి ప్రయాణ ప్రణాళిక రాస్తూ, ఏ ఇంటి దగ్గర ఎంతసేపు ఆగాలి, ఏ ఇంటితో మొదలుపెట్టాలి అని ఆలోచిస్తే, ఆ ప్రదర్శనశాలను ఒక గ్రంథాన్ని చదివినట్టు మొదటినుంచీ మళ్లీ చదవవలసి వచ్చింది. ఆ చదువులో తట్టిన విషయాలే ఇవి.

పాత ఇంటిని విప్పి, మరొకచోట నిలబెట్టి, అందులో పనివాళ్లను కూర్చోబెట్టి చూపించే పద్ధతి 1891లో స్టాక్‌హోంలో ఆర్టర్ హాసెలియస్ స్థాపించిన స్కాన్సెన్‌తో ప్రపంచానికి పరిచయమయింది. దక్షిణచిత్ర ఆ కోవలోదే. మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ కృషితో, లారీ బేకర్ రూపకల్పనతో 1996 డిసెంబరులో తెరుచుకొంది. దాని గుణం ముందు చెప్పాలి. చూరు ఎంత కిందికి ఉంటుందో పుస్తకంలో బొమ్మ చూస్తే తెలియదు, తల వంచి లోపలికి పోయినప్పుడే తెలుస్తుంది. పూర్వపు విశాఖ జిల్లానుంచి వచ్చిన చుట్టిల్లు అటువంటిది. తుపాను గాలికి మూల అనేది దొరకకుండా గోడను గుండ్రంగా తిప్పి, తాటాకు కప్పును దాదాపు నేలదాకా దించిన ఇల్లు అది. బయట ఎండ మండుతుంటే లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది. వాస్తును గురించి నేను గంట చెప్పినా ఎక్కని సంగతి పిల్లలకు అక్కడ ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

ఇక చిక్కు ఎక్కడంటే, ఈ గ్రంథానికి విషయసూచిక రాష్ట్రాలవారీగా ఉంది. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర అని నాలుగు వాడలు. 1956 నవంబరు 1న గీసిన గీతల మధ్య, అంతకు ముందు కాలపు ఇళ్లను సర్దారు. చూసేవాళ్లకు ఇది సులువే, కాదనను. కాని ఆంధ్రవాడలో ఉన్న నేతగాని ఇల్లు పూర్వపు నల్లగొండ జిల్లాది. 2014 తరవాత ఆ ఇల్లూ విశాఖ చుట్టిల్లూ రెండు రాష్ట్రాలవయ్యాయి. ఇల్లు అంగుళం కదలలేదు, దాని చిరునామా మారింది.

అంతకంటె పెద్ద చిక్కు తమిళవాడలో ఉంది. అక్కడ కాంచీపురం పట్టునేతగాని ఇల్లు ఉన్నది. కంచి నేతవారిలో దేవాంగులున్నారు, సాలీలున్నారు. విజయనగర కాలంలో ఉత్తరాన్నుంచి వచ్చామని వాళ్ల వంశకథలు చెప్తాయి. దేవాంగుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు, కన్నడం మాట్లాడేవారూ ఉన్నారు. వీధిలో తమిళం, మగ్గం దగ్గర మరో మాట, బేరం దగ్గర మళ్లీ తమిళం. ఒకే ఇంట్లో గడప దాటితే భాష మారే బతుకు అది. ఆ ఇంటిని ఒక రాష్ట్రం పేరుతో ఒక వాడలో ఉంచినప్పుడు గోడలు నిలుస్తాయి, గడప దగ్గర జరిగే ఈ మార్పు నిలవదు. నా తరగతిలో సగం మంది ఇటువంటి గడపల పిల్లలే. 2006 నాటి తమిళ బోధన చట్టం బడిలో తమిళాన్ని తరగతివెంట తరగతి తప్పనిసరి చేశాక, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని తరం పెరిగింది. వాళ్లు ఆంధ్రవాడలో అతిథులుగా, తమిళవాడలో అందరితోపాటు ప్రేక్షకులుగా తిరిగి వస్తే నా ప్రయాణం దండగ.

ప్రదర్శనశాల అన్నాక ఎవరినో ఒకరిని వదలక తప్పదని కొందరంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. అమెరికాలో విలియమ్స్‌బర్గ్ పట్టణాన్ని 1926నుంచి పద్దెనిమిదో శతాబ్దపు రూపానికి తెచ్చారు. ఆ శతాబ్దంలో ఆ ఊరి జనాభాలో సుమారు సగం నల్లవారు, చాలామంది బానిసలు. అయినా వాళ్ల కథను శ్రద్ధగా చెప్పడం 1979లో గాని మొదలు కాలేదు. కట్టడాలు అన్నీ ఉన్నా, యాభై ఏళ్లపాటు ఊరు సగమే ఉంది. పోలిక పూర్తిగా సరిపోదు, మనవారిని ఎవరూ అమ్మలేదు. కాని లోపం తీరు ఒకటే, దిద్దుబాటు సాధ్యమేననీ ఆ ఊరే చెప్తోంది.

అయితే నేను వేలెత్తి చూపేముందు నా అలమరలోకి చూసుకోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి నేతృత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మన భాషాశాస్త్రానికి గర్వకారణం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతు దగ్గరికీ నేతగాని దగ్గరికీ నడిచి వెళ్లి మాటలు ఏరిన పని అది. కాని ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లోనే జరిగింది. కంచి మగ్గం మీద తెలుగు మాట అందులోకి రాలేదు. నిఘంటువు ఏ గీత దగ్గర ఆగిందో ప్రదర్శనశాలా ఆ గీత దగ్గరే ఆగింది. వాళ్లది ఇళ్ల సేకరణ, మనది మాటల సేకరణ, తప్పు ఇద్దరిదీ. పైగా మనం భాషవాళ్లం, మనకు మినహాయింపు తక్కువ.

మాటల దగ్గరికి వచ్చాం కనక ఒకటి చెప్పాలి. నల్లగొండ ఇంటిని ఇకత్ నేతగాని ఇల్లు అంటారు. ఇకత్ అనేది కట్టడమనే అర్థంలో మలయ్ భాషనుంచి ప్రపంచమంతా తిరిగి వచ్చిన మాట. ఆ నేతకు అక్కడివాళ్ల మాట చిటికి. నూలును ఆసు మీద పోసి, ముడులు కట్టి, రంగులో ముంచి, ఆపైన నేయడం. చీరకు వేల సార్లు చెయ్యి ఇటూ అటూ ఆడించవలసిన ఆ ఆసు పనికి ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం యంత్రం కట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆడవాళ్ల భుజాల నొప్పి చూసి కట్టిన యంత్రం అది. సజీవ ప్రదర్శనశాలలో నేత ఏ ఏట ఆగాలి? యంత్రం లేని ఆసు చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. ఆ ముచ్చట ఎవరి భుజం మీదిదో కూడా చెప్పాలి కదా.

నిరుడు ఒక అమ్మాయి ఇంటి ముందరి అరుగు మీద కూర్చొని, “సార్, మా అవ్వ దీన్ని తిన్నె అంటుంది, తమిళం కలిపేస్తుంది” అని నవ్వింది. తమిళంలో తిణ్ణై ఉన్నమాట నిజమే. కాని ఇసుకతిన్నె అని మనం రోజూ అనే మాటలో ఉన్నదీ ఆ తిన్నే. అవ్వ కలపలేదమ్మా, అది రెండిళ్ల సొత్తు అన్నాను. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరవాత ఫోను తీసి అవ్వకు చేసి, దూలాన్ని ఏమంటావు, చూరును ఏమంటావు, పొయ్యి పక్క గూటిని ఏమంటావు అని అక్కడే కూర్చొని అడగడం మొదలుపెట్టింది. ఆ రోజు మిగతా ఇళ్లు ఆమె చూడనేలేదు. నేనూ లెమ్మనలేదు.

కనక ఈసారి ప్రణాళిక మార్చాను. ఆంధ్రవాడతో మొదలుపెట్టడం లేదు. కంచి ఇంటి దగ్గర గంటన్నర, చుట్టిల్లు దగ్గర గంట, నల్లగొండ ఇంటి దగ్గర గంట, మిగతావి నడుస్తూ చూడవచ్చు. ఒక్కొక్కరి చేతిలో ఇరవై వస్తువుల పట్టిక ఉంటుంది, ఎదుట ఇంట్లో పెద్దవాళ్ల మాట రాసేందుకు ఖాళీ. తెలుగు లిపి రానివాళ్లు తమిళ లిపిలో రాయవచ్చు, మూడు నెలల్లో మార్పించే పూచీ నాది. వారం ముందు కాంచీపురం వెళ్లి, నిజంగా మగ్గం ఆడుతున్న రెండు మూడు ఇళ్లలో ఇదే పట్టిక నింపుకొని రావాలి. రెండూ ఒకే రోజున కుదరవు, దూరం ఎక్కువ. ముట్టుకాడుకు ఏ రోజైనా పరవాలేదు గాని మంగళవారం మాత్రం పెట్టకూడదు, ఆ రోజు దక్షిణచిత్రకు సెలవు.