వీసాకు కర్త ఎవరు? – గల్ఫ్ కార్మిక నిబంధనల భాష, తెలుగు వలస పదజాలం

వ్యాససంగ్రహం

విదేశీ కార్మికుల నియామకం, వీసాలు, నివాసం గురించిన చట్టాలను గల్ఫ్ దేశాలు గత పదేళ్ళలో విస్తృతంగా సవరించాయి. 'కఫాలా' రద్దయిందన్న ప్రకటనలు కూడా వెలువడ్డాయి. అయినా తెలుగు వలస కార్మికుల నోట కఫీల్, అకామా, ఆజాద్ వీసా, కల్లివల్లి వంటి పదాలు చెక్కుచెదరలేదు. ఖతర్, సౌదీ అరేబియా, కువైట్ నిబంధనలను ఈ పదజాలంతో కలిపి చదివితే, చట్టం పేర్లను మార్చినంతగా సంబంధాన్ని మార్చలేదని తెలుస్తుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన. గల్ఫ్ సాహిత్య విమర్శ దుఃఖంతో పాటు పత్రాన్నీ చదవవలసిన అవసరాన్ని ఇది చర్చిస్తుంది.

కీలకపదాలు: గల్ఫ్ వలస, కఫాలా, వీసా, వలస పదజాలం, వలస సాహిత్యం, కార్మిక చట్టం.

1. ఉపోద్ఘాతం

ఉత్తర తెలంగాణ బతుకును 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అన్న మూడు మాటల్లో చెప్పడం వాడుక. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల పురుషులు నిర్మాణ పనులకు, పారిశుద్ధ్య పనులకు, పశువుల కాపలాకు గల్ఫ్ బాట పట్టారు. కడప, గోదావరి జిల్లాల స్త్రీలు ఇంటి పనులకు కువైట్ వెళ్ళారు. ఈ వలస నుంచి కథలు, నవలలు, పాటలు పుట్టాయి. వాటిపై వచ్చిన విమర్శలో మాత్రం కొన్ని మాటలే మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి: కన్నీరు, ఎడారి, ఎండమావి, మోసం, తలరాత. ఇవి అబద్ధాలు కావు. కానీ ఇవన్నీ ఫలితాన్ని వర్ణించే మాటలు. ఆ ఫలితానికి దారితీసిన ఏర్పాటు ఏమిటో ఇవి చెప్పవు. ఏజెంటు దుర్మార్గుడు, యజమాని కఠినుడు, కార్మికుడు అమాయకుడు అన్న పాత్రచిత్రణ దగ్గర విమర్శ ఆగిపోతే, ఆ ముగ్గురినీ ఒకే చోట కూర్చిన కాగితం చర్చకు రాదు. ఆ కాగితమే వీసా.

2. కఫాలా: పదం, వ్యవస్థ

'కఫాలా' అరబ్బీ పదం. హామీ, పూచీ అని దాని అర్థం. పూచీపడ్డవాడు కఫీల్. ఇదే అర్థంలో మనం వాడే 'జామీను' కూడా అరబ్బీ మూలం నుంచి వచ్చినదే. మన వాడుకలో జామీనుదారు అప్పు తీసుకున్నవాడి పక్షాన నిలిచి, తన పరువును, ఆస్తిని పణంగా పెడతాడు. గల్ఫ్ నివాస చట్టాల్లో స్థిరపడిన కఫాలాలో కఫీల్ ప్రభుత్వానికి హామీ ఇస్తాడు. విదేశీయుడి రాకకు, ఉనికికి, పోకకు బాధ్యత వహిస్తానని ఒప్పుకుంటాడు. ఆ బాధ్యతకు బదులుగా ఆ విదేశీయుడిపై అధికారం పొందుతాడు. రక్షించవలసిన పూచీ పట్టి ఉంచే హక్కుగా మారడమే ఈ వ్యవస్థ సారాంశం.

పని ఇచ్చే వ్యక్తీ, నివాసానికి ఆధారమైన వ్యక్తీ ఒకరే కావడం దీనికి పునాది. మామూలుగా ఉద్యోగం పోతే జీతం పోతుంది. ఇక్కడ ఉద్యోగం పోతే దేశంలో ఉండే అర్హత కూడా పోతుంది. కనుక జీతం గురించి చేసే ప్రతి వాదనా తన ఉనికి గురించిన వాదనగా మారుతుంది. కార్మికుడి మౌనాన్ని అమాయకత్వంగా చదివే విమర్శకుడు ఈ అంశాన్ని గమనించాలి.

3. కొత్త నిబంధనలు: ఏవి మారాయి?

ఈ నిబంధనలు మారిన మాట నిజం. ఆ మార్పును తక్కువచేసి చూపడం పరిశోధనకు న్యాయం కాదు.

ఖతర్‌లో 2015 నాటి 21వ చట్టం 2016 డిసెంబరులో అమలులోకి వచ్చింది. పాత చట్టంలోని పూచీదారు స్థానంలో 'రప్పించుకునేవాడు' అనే అర్థమున్న పదాన్ని ఇది ప్రవేశపెట్టింది. దేశం విడిచి వెళ్ళడానికి అవసరమైన నిష్క్రమణ అనుమతిని 2018లో అత్యధిక కార్మికులకు, 2020 జనవరిలో ఇంటి పనివారికి తొలగించారు. అయితే ఇంటి పనివారు 72 గంటల ముందు యజమానికి తెలియజేయాలి. 2020లో వచ్చిన సవరణలతో, ఉద్యోగం మారడానికి పాత యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చే అవసరం పోయింది. 2021 మార్చి నుంచి నెలకు 1000 రియాళ్ళ కనీస వేతనం జాతీయతతో, వృత్తితో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించింది. యజమాని వసతి, భోజనం ఇవ్వకపోతే వాటికి వరుసగా 500, 300 రియాళ్ళు అదనం.

సౌదీ అరేబియా సంస్కరణ 2021 మార్చి 14న అమలులోకి వచ్చింది. నిర్ణీత షరతులకు లోబడి యజమాని సమ్మతి లేకుండా ఉద్యోగం మారడానికి, దేశం బయటికి వెళ్ళి రావడానికి అది వీలు కల్పించింది. కానీ ఇంటి పనివారు, ఇళ్ళ డ్రైవర్లు, కాపలాదారులు, తోటమాలీలు, పశువుల కాపరులు దీని పరిధిలోకి రాలేదు.

కువైట్ పరిస్థితి మరింత సంక్లిష్టం. 2015 నాటి 68వ చట్టం ఇంటి పనివారికి పని గంటల పరిమితిని, వారపు సెలవును ఇచ్చింది. పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించింది. 2025 జనవరిలో అమలైన కొత్త నివాస చట్టం వీసాల వ్యాపారాన్ని తీవ్ర నేరంగా పరిగణించింది. అదే ఏడాది జూలై 1 నుంచి మాత్రం ప్రైవేటు సంస్థల్లోని విదేశీ కార్మికులు దేశం విడిచి వెళ్ళాలంటే యజమాని ఆమోదించిన నిష్క్రమణ అనుమతి ఉండాలన్న నిబంధన వచ్చింది. పొరుగు దేశాలు సడలించిన ముడిని కువైట్ కొత్తగా వేసింది. సంస్కరణ అంటే ముందుకు మాత్రమే సాగే ప్రయాణం కాదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

4. వీసా వాక్యంలో కర్త, కర్మ

ఈ నిబంధనలను వ్యాకరణ దృష్టితో చదవవచ్చు. విదేశీ కార్మికుడు కావాలని దరఖాస్తు చేసేది యజమాని. ఎందరు కావాలో, ఏ వృత్తికి కావాలో పేర్కొనేది యజమాని. అనుమతి వెలువడేది అతని పేరిట. వైద్య పరీక్ష, వీసా ముద్ర, ప్రయాణం దాటి కార్మికుడు దిగిన తరువాత నివాస పత్రాన్ని తీయించేదీ, గడువు తీరితే పునరుద్ధరించేదీ, పనికి రావడం లేదని ఫిర్యాదు చేసేదీ యజమానే. క్రియలు మారుతున్నా కర్త మారడు. ఈ వాక్యాలన్నిటిలో కార్మికుడు కర్మస్థానంలో ఉంటాడు: రప్పించబడతాడు, నమోదు చేయబడతాడు, బదిలీ చేయబడతాడు, పంపించబడతాడు.

సంస్కరణలు కార్మికుడిని కొన్ని క్రియలకు కర్తను చేశాయి. ఖతర్‌లో అతడు ఉద్యోగం మారగలడు, వెళ్ళిపోగలడు. ఇవి చిన్న విషయాలు కావు. కానీ ఉండగలగడం అనే మూలక్రియ యజమాని చేతిలోనే ఉంది. నివాస పత్రాన్ని యజమాని సకాలంలో పునరుద్ధరించకపోతే, దోషం యజమానిదైనా ఆ నేరం కార్మికుడి ఒంటిమీద కనిపిస్తుంది. వీధిలో తనిఖీకి చిక్కేది కార్మికుడే.

కువైట్‌లో 2024 జూలై నుంచి సెప్టెంబరు వరకు ఇంటి పనివారు ప్రైవేటు సంస్థలకు మారడానికి తాత్కాలిక అవకాశం ఇచ్చారు. దానికి ఉన్న షరతుల్లో ఒకటి ప్రస్తుత యజమాని అంగీకారం. తలుపు తెరిచారు, తాళంచెవి మాత్రం పాత చేతిలోనే ఉంచారు. తెలుగులో 'కర్మ' అన్న మాటకు వ్యాకరణార్థమూ ఉంది, విధి అన్న అర్థమూ ఉంది. చట్టం మొదటి అర్థంలో రాసినదాన్ని మన విమర్శ రెండో అర్థంలో చదువుతూ వచ్చింది.

5. తెలుగు వలస పదజాలం: ఒక పరిశీలన

చట్టపు భాషకు సమాంతరంగా కార్మికులు తమదైన పదకోశాన్ని నిర్మించుకున్నారు. అందులోని కొన్ని మాటలను పరిశీలిద్దాం.

వీసా కొనడం: ఏ దేశ చట్టంలోనూ పని వీసా సరుకు కాదు. మన పల్లెల్లో మాత్రం వీసాను కొంటారు, అమ్ముతారు, దాని రేటు అడుగుతారు. ఇది భాషాదోషం కాదు, వాస్తవ వర్ణన. అనుమతి యజమాని పేరిట వెలువడుతుంది కనుక దానికి యజమాని ఉన్నాడు, యజమాని ఉన్నదానికి వెల ఉంటుంది. భారత నిబంధనల ప్రకారం నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. 'కొనడం' అన్న క్రియ ఈ పరిమితికి బయట నడిచే లావాదేవీకి పేరు.

ఆజాద్ వీసా: ఒక కఫీల్ పేరిట వీసా తీసుకొని, అతని దగ్గర కాక దొరికిన చోట పని చేసుకోవడం. దీనికి కఫీల్‌కు ఏటా సొమ్ము చెల్లించాలి. 'ఆజాద్' అంటే స్వేచ్ఛ కలవాడు. చట్టంలో ఇలాంటి వర్గమే లేదు కనుక ఈ స్వేచ్ఛాజీవి ప్రతి తనిఖీలోనూ నేరస్థుడు. స్వేచ్ఛను కూడా కఫీల్ దగ్గరే కొనుక్కోవలసి రావడాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన మాట మరొకటి లేదు.

కల్లివల్లి: అరబ్బీ వాడుకలో 'వదిలెయ్, పోనీ' అనే అర్థమున్న పలుకు. తెలుగులో ఇది నామవాచకమైంది. కఫీల్‌ను వదిలి, పత్రాలు లేకుండా పని చేసుకునే వ్యక్తి కల్లివల్లి. ఆ స్థితి కూడా కల్లివల్లే. పత్రికలు సైతం ఈ మాటను స్వీకరించాయి. చట్టం ఇదే వ్యక్తిని 'పరారీ' అంటుంది. పరారీ అన్న మాటలో తీర్పు ముందే ఉంది: పారిపోయినవాడు తప్పు చేసినవాడు. కల్లివల్లిలో ఆ తీర్పు లేదు, విసిగి వదిలేసిన ధ్వని మాత్రమే ఉంది. కర్మస్థానంలో ఉన్నవాడు తనంతట తానుగా చేసిన ఒకే ఒక క్రియకు కార్మికుల భాష పెట్టుకున్న పేరిది.

షూన్ వీసా, ఖద్దామా వీసా: కువైట్‌లో 18వ అధికరణం కింద ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు, 20వ అధికరణం కింద ఇంటి పనివారికి నివాసానుమతి ఇస్తారు. వాడుకలో మొదటిది షూన్, రెండోది ఖద్దామా. అక్షరజ్ఞానం అంతంతమాత్రంగా ఉన్న స్త్రీ కూడా ఈ రెండింటి తేడా చెప్పగలదు. ఒక దాని కింద సంస్థ, వేళలు, తోటి కార్మికులు ఉంటారు. రెండో దాని కింద ఒక ఇల్లు, మూసిన తలుపు ఉంటాయి. సౌదీ సంస్కరణ మినహాయించిన వర్గాలు కూడా చాలావరకు ఇలా ఇంటిని, పొలాన్ని, మందను అంటిపెట్టుకుని ఉండేవే.

ఒక ఆక్షేపణకు ఇక్కడ అవకాశం ఉంది. చట్టం ముందుకు సాగినా పాత మాటలు అలవాటుగా మిగిలి ఉండవచ్చు కదా? భాషలో అలాంటి అవశేషాలు ఉంటాయి. అయితే నిత్యవ్యవహారంలో పని లేని మాట క్రమంగా జారిపోతుంది. ఖతర్ చట్టం నుంచి పూచీదారు అన్న పదం తొలగినా కార్మికుడి నోట కఫీల్ మిగిలాడంటే, ఆ మాట చేసే పని ఇంకా పూర్తికాలేదని అర్థం.

6. సాహిత్య పఠనంలో పత్రం

బెన్యామిన్ మలయాళ నవల 'ఆడుజీవితం' 2008లో వెలువడింది. 2024లో చలనచిత్రమైంది. విమానాశ్రయంలో దిగిన నజీబ్‌ను ఒకడు బండి ఎక్కించుకుని ఎడారిలోని మేకల దొడ్డికి తీసుకుపోతాడు. అతడే తన యజమాని అని నజీబ్ నమ్ముతాడు. దీన్ని మనిషి సహనానికి, దైవవిశ్వాసానికి సంబంధించిన కథగా చదవడం పరిపాటి. కానీ చివరి భాగంలో, చెరలో ఉన్న నజీబ్‌ను ఆ యజమాని చూసి కూడా వదిలి వెళ్ళిపోతాడు. నజీబ్ తన వీసా కింద ఉన్నవాడు కాకపోవడమే కారణం. ఉండి ఉంటే మళ్ళీ ఈడ్చుకుపోయేవాడే. అన్యాయంగా బంధించబడ్డాడు కనుక అతడు బయటపడ్డాడు. పత్రబద్ధంగా బంధించబడి ఉంటే ఆ దారి కూడా ఉండేది కాదు. ఈ నవలలోని అతి భయంకరమైన విషయం ఇదే. దుర్మార్గుడైన యజమాని కంటే సక్రమమైన వీసా ఎక్కువ బలమైనదని అది చెబుతోంది. ఆ నవల వచ్చిన 13 ఏళ్ళకు వచ్చిన సౌదీ సంస్కరణ పశువుల కాపరిని మినహాయించిందని తెలిసినప్పుడు, ఈ పఠనం నవలను దాటి వర్తమానంలోకి వస్తుంది.

పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' వంటి తెలుగు రచనలను బోధించేటప్పుడు కూడా ఈ ప్రశ్నలు అడగవచ్చు. పాత్ర ఏ రకం వీసా మీద వెళ్ళింది? ఆ వీసా ఎవరి పేరిట ఉంది? దానికి ఎంత అప్పు అయింది? వెళ్ళిపోవడానికి ఎవరి అనుమతి కావాలి? ఈ ప్రశ్నలు రసాస్వాదనకు అడ్డు కావు. కరుణరసానికి ఆలంబనం ఎక్కడుందో చూపుతాయి.

7. మన చట్టం, మన భాష

పంపే దేశం బాధ్యత కూడా ఈ చర్చలో భాగమే. భారతదేశంలో 1922 నాటి వలస చట్టం స్థానంలో 1983 చట్టం వచ్చింది. దాని స్థానంలో కొత్త చట్టం కోసం 2025లో కేంద్రం ముసాయిదాను ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది. 2020లో గల్ఫ్ ఉద్యోగాలకు కనీస సూచిక వేతనాలను తగ్గిస్తూ కేంద్రం ఇచ్చిన ఉత్తర్వులు తెలంగాణలో తీవ్ర నిరసనకు గురై, 2021లో ఉపసంహరించబడ్డాయి. వలస వెళ్ళేవారి తరఫున నిలిచే గొంతు బలంగా ఉంటే నిబంధన వెనక్కి తగ్గుతుందని దీనివల్ల తెలుస్తుంది.

భాష విషయంలో ఆ గొంతు ఇంకా బలహీనంగానే ఉంది. గల్ఫ్ కార్మిక చట్టాల్లో ఒప్పందానికి ప్రామాణిక భాష అరబ్బీ. దానికి తోడుగా ఇంగ్లీషు ప్రతి ఉంటుంది. జగిత్యాల యువకుడు, కడప గృహిణి సంతకం చేసేది తమకు రాని రెండు భాషల కాగితం మీద. దాని సారాంశం వారికి చేరేది ఏజెంటు నోటిమాటగానే. తెలుగు శాఖలున్న విశ్వవిద్యాలయాలు ఒప్పందంలోని నియమాలను సులభమైన తెలుగులో, 'చేయబడును' అన్న కర్మణి ప్రయోగం వెనుక కర్తను దాచకుండా, ఎవరు ఎవరికి ఏమి చేయాలో తేటగా చెప్పే విధంగా అనువదించగలవు. దీనికి చట్టపండితుల సాయం కావాలి. కానీ మొదటి అడుగు భాషావేత్తలదే.

8. ముగింపు

గల్ఫ్ దేశాల కొత్త నిబంధనలు కొందరు కార్మికులకు కొన్ని హక్కులను నిజంగానే ఇచ్చాయి. మినహాయింపులు మాత్రం అత్యంత ఒంటరిగా పనిచేసేవారి మీదే పడ్డాయి. వీసా యజమాని పేరిట వెలువడినంతకాలం నివాసం అతని సమ్మతి మీద ఆధారపడే ఉంటుంది. ఈ సంగతిని చట్టవ్యాఖ్యాతల కంటే ముందుగా, స్పష్టంగా చెప్పినవి కార్మికుల మాటలే. వాటిని మాండలిక వైచిత్రిగా సేకరించి వదిలేయకుండా, ఒక వ్యవస్థపై వెలువడిన విమర్శగా చదవడం వలస సాహిత్య పరిశోధన ముందున్న పని. తండ్రో తల్లో గల్ఫ్‌లో ఉన్న విద్యార్థులు మన తరగతి గదుల్లో అరుదు కాదు. వారికి ఈ పాఠం సానుభూతిని నేర్పనక్కరలేదు, అది వారికి ముందే తెలుసు. ఇంట్లో దాచిన ఆ కాగితాన్ని చదవడం నేర్పితే చాలు.