లేని ఊరికి కొలిచిన దారి

ఫ్యాంటసీ నవల అట్ట తిప్పగానే ఎదురయ్యే పటం పుస్తకానికి పెట్టిన నగలా కనిపిస్తుంది. పేరుపడ్డ పటాల్లో కొన్నింటి సంగతి వేరు. అవి కథకన్నా ముందే పుట్టాయి. రచయిత మొదట కొండలూ నదులూ ఊళ్లూ గీసుకున్నాడు, పాత్రలు తర్వాత వచ్చి ఆ దారులే పట్టాయి. ఆకాశానికి నిచ్చెనలు వేసే కథలోనూ గుర్రం రోజుకు ఎన్ని మైళ్లు పోగలదన్న లెక్క ఒకటి ఉంటుంది. ఆ లెక్క రాసిపెట్టుకునే చిట్టాయే పటం.

థామస్ మోర్ 'యుటోపియా' 1516లో అచ్చయినప్పుడే అందులో చెక్క అచ్చుతో వేసిన దీవి బొమ్మ ఉంది. అది చూసి ఆనందించడానికే, పట్టుకుని నడవడానికి కాదు. నడవడానికి పనికొచ్చే పటం కావాలంటే రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ దాకా రావాలి. 1881లో స్కాట్లాండులోని బ్రేమార్‌లో, భార్య మొదటి పెళ్లి కొడుకుతో కాలక్షేపం చేస్తూ ఆయన ఒక దీవి పటం గీసి రంగులు వేశాడు. ఆ రంగుల అడవుల్లోంచే 'ట్రెజర్ ఐలాండ్' మనుషులు బయటికొచ్చారు. 1883లో పుస్తకం వేసేవేళకు ప్రచురణకర్తలకు పంపిన పటం దారిలో పోయింది. అప్పుడు పని తలకిందులైంది. రాసిన పుస్తకం మొత్తం వెతికి, ఎక్కడెక్కడ ఏ దిక్కు, ఏ దూరం చెప్పాడో ఏరి, వాటికి సరిపడేలా కొత్త పటం గీయాల్సి వచ్చింది. ఆ పని తండ్రి కార్యాలయంలో జరిగింది. తండ్రి థామస్ దీపస్తంభాలు కట్టే ఇంజినీరు. రకరకాల చేతిరాతలు రాయగల ఆ పెద్దాయన, దొంగల నాయకుడు ఫ్లింట్ సంతకాన్ని తనే ఫోర్జరీ చేసి పెట్టాడు. ఇంత ముచ్చటగా తయారైనా, ఆ రెండో పటం స్టీవెన్సన్ మనసుకు ఎన్నడూ అసలు దీవి కాలేదు.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ ముందు పటం, తర్వాత కథ అన్న పద్ధతిని మొండిగా పాటించాడు. 1937లో వచ్చిన 'ద హాబిట్'కు పటాలు తనే గీశాడు. వాటిలో థ్రోర్ రాజు పటానికి పైన ఉండేది ఉత్తరం కాదు, తూర్పు. అందులో వెన్నెల్లోనే కనిపించే అక్షరాలుంటాయి. వాటిని కాగితం వెనకవైపు అచ్చువేస్తే, పాఠకుడు వెలుగుకు అడ్డంపెట్టి చూసినప్పుడు బయటపడతాయని ఆయన ఆశ పడ్డాడు. ప్రచురణకర్తలు మామూలుగా అచ్చువేసి ఊరుకున్నారు.

'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసేటప్పుడు వాడుకున్న పటం మరీ మొరటుది. గడుల కాగితం మీద గడికి వంద మైళ్లు. కథ మారినప్పుడల్లా పాత ముక్క మీద కొత్త ముక్క అతికించడమే. చంద్రుడి మీద కూడా ఇదే నిఘా. విడిపోయిన మిత్రులు వేర్వేరు దారుల్లో పోతుండగా, ఒకచోట ఉదయిస్తున్న చంద్రుడు అదే వేళకు ఇంకోచోట అస్తమిస్తున్నాడని 1944లో గమనించి, టోల్కీన్ వెనక్కి వెళ్లి అధ్యాయాలు సరిచేశాడు. నవలలో చంద్రుడి తిథులు ఎవరు లెక్కపెడతారు అనిపించవచ్చు. లెక్కపెట్టే పాఠకులు ఉన్నారు, ఈ పుస్తకాలను బతికించేది వాళ్లే. 1954లో మొదటి భాగంతో పాటు వచ్చిన ఎరుపు నలుపుల మడత పటాన్ని మాత్రం చిన్న కొడుకు క్రిస్టఫర్ గీశాడు.

ఆ మడత పటం ప్రతి ఒకటి చిత్రకారిణి పాలీన్ బేన్స్ దగ్గర ఉండేది. నార్నియా పుస్తకాలకు బొమ్మలు వేసింది ఈవిడే. యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళానికి సముద్ర పటాలు గీసిన చెయ్యి. టోల్కీన్ కథలు జరిగే లోకం మిడిల్ ఎర్త్. 1970లో అచ్చయిన దాని పోస్టరు కోసం ఆమె తన పుస్తకంలోంచి పటం ఊడదీసి టోల్కీన్ ముందు పెడితే, ఆయన ఆకుపచ్చ సిరాతోనూ పెన్సిలుతోనూ దాని నిండా రాశాడు. కథలోని హాబిటన్ ఊరు దాదాపు ఆక్స్‌ఫర్డ్ అక్షాంశం మీద ఉందట. మినాస్ తిరిథ్ నగరం ఇటలీలోని రవెన్నాకు సమంగా ఉంటుందట. ఏనుగులూ ఒంటెలూ దక్షిణాన ఖాళీగా ఉన్న గడుల్లో వేయవచ్చు. సముద్రపు దొంగల తెరచాపలు ఎర్రగా ఉండాలి. ఇల్లు కట్టించేవాడు మేస్త్రీకి చెప్పినట్టుంటాయి ఈ సూచనలు. బేన్స్ పోస్టరు పై అంచున తొమ్మిదిమంది ప్రయాణికులు నడిచిపోతుంటారు, కింది అంచున వాళ్ల శత్రువులు పొంచి ఉంటారు. అందానికి ఆ బొమ్మలు, నమ్మకానికి ఆ అక్షాంశాలు. రాతలున్న ఆ కాగితం 2015లో బయటపడింది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం కొనుక్కుంది.

ఇలాంటి పటాల్లో ఒకే కాగితం మీద రెండు చూపులు కలుస్తాయి. తీరాలూ నదులూ ఆకాశం నుంచి చూసినట్టుంటే, కొండలు మాత్రం నేల మీద నిలబడి చూసినట్టు వరస పుట్టల్లా లేస్తాయి. పాతకాలపు పటాల నుంచి తెచ్చుకున్న అలవాటిది. నదుల దగ్గరే చాలామంది దొరికిపోతారు. పాయలు కొండల్లో పుట్టి దిగువన కలవాలే గానీ, మైదానం మధ్యలో నది ఊరికే రెండుగా చీలి చెరో సముద్రానికి పోకూడదు. కొండల దగ్గర టోల్కీన్‌కే తప్పలేదు. ఆయన కథలోని శత్రురాజ్యం మోర్డోర్ చుట్టూ మూలమట్టం పెట్టి గీసినట్టు తిరిగే పర్వతాలను చూసి భూగర్భశాస్త్రం చదివినవాళ్లు నవ్వుతారు. 1914లో వచ్చిన, ఓజ్ కథల మాయాదేశపు పటంలో తూర్పు పడమరలే తారుమారై, తూర్పున ఉండాల్సిన మంచ్‌కిన్ల దేశం ఎడమపక్కకు చేరింది. తప్పుల సంగతి అటుంచితే, పేరు రాసి వదిలేసిన చోట్లకు ఇంకో విలువ ఉంది. అర్సులా లెగ్విన్ 1968 నాటి 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'కి ముందుగా దీవుల పటమే గీసుకుంది. ఆ కథ కాలు పెట్టని దీవులు కూడా పేర్లతో సహా అందులో ఉన్నాయి. పాఠకుడి వేలు ఆగేది అక్కడే.

వేలు పెట్టి చదివే పాఠకులకు పుస్తకంలోని పటం చాలదు. చవక ప్రతుల్లో అది కుంచించుకుపోతుంది, నడిమి కుట్టులో ఒక రాజ్యమే మాయమవుతుంది. మడత పటమైతే మడత దగ్గర చిరుగుతుంది. ఆ కొరత తీర్చింది కారెన్ విన్ ఫోన్‌స్టాడ్. భూగోళశాస్త్రం చదివిన ఈ అమెరికన్, నవలల్లోని ప్రతి దూరాన్నీ దిక్కునూ ఏరి, 1981లో 'ది అట్లాస్ ఆఫ్ మిడిల్ ఎర్త్' తెచ్చింది. ప్రయాణికులు ఏ రోజు ఎంత నడిచారు, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారు అన్నవి కూడా అందులో గుర్తించి ఉంటాయి. స్టీవెన్సన్ తప్పనిసరై చేసిన పనిని ఈవిడ ఇష్టపడి చేసింది. టోల్కీన్ పోయాక ఆయన చిత్తుప్రతులను క్రిస్టఫర్ ఒక్కో సంపుటంగా వెలువరిస్తూ వచ్చాడు. వాటికి తగ్గట్టు దిద్దిన అట్లాస్ 1991లో మళ్లీ వచ్చింది.