రాజ్‌భవన్‌లో లెక్క, సభలో లెక్క

1984 ఆగస్టు 16న హైదరాబాదులో ఒక ప్రభుత్వాన్ని కూల్చారు, 1989 ఏప్రిల్ 21న బెంగళూరులో మరొకదాన్ని. రెండుచోట్లా ఎమ్మెల్యేల లెక్క తేల్చింది శాసనసభ కాదు, రాజ్‌భవన్. పద్ధతి మాత్రం వేరు. ఇక్కడ గవర్నర్ రామ్‌లాల్ తానే ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. అక్కడ 356వ అధికరణం కింద రాష్ట్రపతి పాలన పెట్టి, సభనే రద్దు చేశారు.

మన కథ తెలిసిందే. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన మనిషి చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి, ఎమ్మెల్యేలను రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు నిలబెట్టారు. జనం రోడ్లెక్కారు. రామ్‌లాల్ తప్పుకున్నారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. ఆ నెల రోజులూ ఎమ్మెల్యేలకు నీడనిచ్చింది రామకృష్ణ హెగ్డే ఏలుబడిలోని కర్ణాటక.

ఐదేళ్లు తిరక్కుండానే ఆ కర్ణాటకకూ అదే గతి పట్టింది. హెగ్డే తర్వాత ముఖ్యమంత్రి అయిన ఎస్.ఆర్. బొమ్మైకి మద్దతు మానుకుంటున్నామంటూ 19 మంది పేరిట ఉత్తరాలు గవర్నర్‌కు చేరాయి. ఆ వెంటనే వారిలో ఏడుగురు, మాయమాటలు చెప్పి సంతకాలు పెట్టించుకున్నారని, తాము బొమ్మై వెంటే ఉన్నామని రాసిచ్చారు. సభ పిలిచి బలం చూపిస్తానని బొమ్మై అన్నారు. గవర్నర్ వినలేదు. ఆ గవర్నర్ పెండేకంటి వెంకటసుబ్బయ్య, నంద్యాల ఎంపీగా చేసిన మన తెలుగువారే. ఆత్మగౌరవం గురించి ఇంత మాట్లాడే మనం ఈ సంగతి ఎందుకో ఎత్తం.

బొమ్మై కోర్టుకెక్కి హైకోర్టులో ఓడారు. ఈలోగా ఎన్నికలు జరిగి కాంగ్రెస్ వచ్చింది. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: బలాబలాలు సభలోనే చూడాలి, 356 ప్రయోగాన్ని కోర్టులు పరిశీలించవచ్చు, పార్లమెంటు ఆమోదించేదాకా సభను రద్దు చేయకూడదు. కుర్చీ మాత్రం బొమ్మైకి తిరిగి రాలేదు.

నన్నడిగితే, ఎన్టీఆర్ గెలుపు కన్నా బొమ్మై ఓటమే దేశానికి ఎక్కువ మేలు చేసింది. 1984 లాంటిది జరగాలంటే ఎన్టీఆర్ అంతటి జనాకర్షణ ఉన్న నాయకుడుండాలి. తీర్పుకు ఆ అవసరం లేదు. 1998 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ గవర్నర్ రొమేశ్ భండారీ అచ్చం రామ్‌లాల్ లాగే కల్యాణ్ సింగ్‌ను తొలగించారు. కోర్టు ఆదేశంతో సభలో బలపరీక్ష జరిగి, రోజుల్లోనే కల్యాణ్ సింగ్ కుర్చీ నిలబడింది.

1984 మరో అలవాటు మిగిల్చింది, ఎమ్మెల్యేలను ఒకచోట దాచిపెట్టే క్యాంపు. ప్రజాస్వామ్యాన్ని కాపాడుకోవడానికి కట్టిన ఆ క్యాంపే 1995 ఆగస్టులో వైస్రాయ్ హోటల్‌కు మారి ఎన్టీఆర్‌నే దించింది. అసెంబ్లీ రద్దు చేసి జనం దగ్గరికే వెళ్దామని ఆయన చేసిన సిఫారసును గవర్నర్ కృష్ణకాంత్ ఒప్పుకోలేదు. ఆ తిరుగుబాటు నడిపిన చంద్రబాబు సభలో బలం నిరూపించుకున్నారు. బొమ్మై తీర్పు ప్రకారం చూస్తే అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.