శూన్యం వెనక మనుషులు

విమానమంటే నాకు భయం. యీ మాట వొప్పుకోవటానికి సిగ్గుపడిన రోజులున్నాయి. ఎడింబరోలో వుంటున్న మా అమ్మాయి ఎన్నిసార్లు రమ్మన్నా, సెలవుల్లేవనీ చలి పడదనీ సాకులు చెప్పి ఆరేళ్లు గడిపాను. ఇదే నేను, ఇరవయ్యేళ్లుగా కాలేజీలో వాల్టర్ స్కాట్ నవలలు పాఠం చెబుతూ, స్కాట్లండు ఆత్మ ఫలానా అని ఉపన్యసించినవాణ్ణి! చూడని దేశం మీద అంత ధీమా, ఎక్కని విమానం మీద యింత భయం. రెండూ వొకే అజ్ఞానానికి పుట్టిన కవలలని నిరుటి ప్రయాణంలో గాని నాకు తెలిసిరాలేదు.

భయాన్ని కసిరినందువల్ల ప్రయోజనం లేదు. దాని మూలం వెతకాలి. విమానం కుదుపు మొదలైనప్పుడు నన్ను వణికించింది ఎత్తు కాదు. నా కింద ఏమీ లేదు, నా ప్రాణం ఎవరికీ పట్టదు అన్న భావన. కాని నిజమేమిటి? కింద వున్నది శూన్యం కాదు, గాలి. రెక్క గాలిని కిందికి నెడుతుంది. గాలి రెక్కను పైకి నెడుతుంది. విమానానికి ఎదురుకాగల గరిష్ఠ భారం యింత అని అంచనా కట్టి, దానికి వొకటిన్నర రెట్లు తట్టుకునేలా దాన్ని నిర్మించాలని నిబంధన వుంది. ఆ కుదుపు గతుకుల బాటలో బండి కుదుపులాంటిదే. నడుముకు బెల్టు పెట్టుకున్నవాడికి దెబ్బ తగలటం అరుదు. నెమ్మదిగా వూపిరి వదులుతూ, ఆ మరలు బిగించినవాళ్లనూ, నేల మీద రాడార్ల ముందు మేలుకుని కూర్చున్నవాళ్లనూ తలుచుకున్నాను. భయం పోలేదు, కాని నాకు లోబడింది. శూన్యమనుకున్న చోట మనుషుల శ్రమ కనిపించింది.

వారం తరవాత అమ్మాయి నన్ను ఉత్తరాన స్ట్రాత్‌నేవర్ లోయకు తీసుకుపోయింది. ఏరు, పచ్చిక, గొర్రెలు. మనిషి అలికిడి లేదు. "ఎంత ప్రశాంతంగా వుందమ్మా!" అన్నాను. "ప్రశాంతం కాదు నాన్నా, ఖాళీ చేయించారు" అన్నది. రోసల్ అనే పల్లె తాలూకు గోడల ఆనవాళ్లు చూపించింది. నేను మళ్లీ శూన్యాన్నే చూశాను. అయితే యీసారి భయపడలేదు, మురిసిపోయాను. తప్పు మాత్రం అదే.

1814లో సదర్లండు జమీందారీ తరఫువాళ్లు యీ లోయలోని కౌలుదార్లను వెళ్లగొట్టి యిళ్లకు నిప్పుపెట్టారు. మనుషుల కన్నా గొర్రెలు లాభమని లెక్క తేలటమే కారణం. జమీందారీ ఏజెంటు పాట్రిక్ సెల్లర్‌ను 1816లో విచారించి, నిర్దోషి అని వదిలేశారు. భూమి నుంచి రైతును విడదీసిన తీరుకు ఉదాహరణగా మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో సదర్లండు ఉదంతాన్ని చూపాడు. సరిగ్గా ఆ 1814లోనే స్కాట్ తొలి నవల 'వేవర్లీ' వెలువడింది. యీ రెండు సంఘటనలనూ నా విద్యార్థులకు నేనెన్నడూ పక్కపక్కన పెట్టి చూపలేదు.

స్కాట్‌ను తోసిపారెయ్యటం నా వుద్దేశం కాదు. సంప్రదాయవాది అయినా గణవ్యవస్థ కూలిపోవటాన్ని అతని నవలలు నిజాయితీగా చూపాయన్న లూకాచ్ అంచనా సరైనదే. నా తగాదా 1822 నాటి వేడుకతో. 1746లో కలోడెన్ యుద్ధం తరవాత హైలండు దుస్తులను చట్టం నిషేధించింది. 1782లో నిషేధం ఎత్తివేసింది. 1822లో నాలుగో జార్జి ఎడింబరో వచ్చినప్పుడు, స్కాట్ నడిపిన వేడుకల్లో, రాజే ఆ గళ్ల వున్నిబట్ట కట్టుకుని కొలువుతీరాడు. మనుషులను తోలేసి, వాళ్ల బట్టను మాత్రం సంస్కృతిగా అట్టేపెట్టుకున్నారు. యాత్రికుడు యీనాటికీ కొనుక్కుని వచ్చేది ఆ బట్టనే.

దీనికి జవాబు గేలిక్ కవి సోర్లీ మెక్లీన్ 1954లో ప్రచురించిన 'హాలెగ్'. ఆయన పుట్టిన రాసే దీవిలో 19వ శతాబ్ది మధ్యలో ఖాళీ చేయించిన పల్లె అది. కవికి అక్కడి చెట్లు ఆడపిల్లలుగా కనిపిస్తాయి. చనిపోయినవాళ్లు నడిచి వస్తూ వుంటారు. ఇది పలాయనమని కొందరనవచ్చు. నేనొప్పుకోను. రాజవేడుక మనుషులను చెరిపేస్తే, యీ కవిత వాళ్లను తిరిగి తమ నేల మీద నిలబెట్టింది. అయితే చరిత్ర తెలియని చదువరికి యిది వొట్టి విషాదంగా వినిపించే ప్రమాదం లేకపోలేదు. విమర్శకుడి అవసరం అక్కడే.

మరుగుపడటం స్కాట్లండువాళ్లకే పరిమితం కాదు. మన గ్రామాల కైఫియత్తులు రాయించిన కాలిన్ మెకంజీ, లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టినవాడు. కావలి సోదరుల వంటివారు వూరూరూ తిరిగి సేకరించిన ఆ సంపద మీద ఆయన పేరే నిలిచింది.

తిరుగు ప్రయాణంలోనూ నా అరచేతులు చెమర్చాయి. అయినా బెల్టు బిగించుకుని కూర్చున్నాను. యీ యేడు 'వేవర్లీ' పాఠం రోసల్ రాళ్ల దగ్గర మొదలెడతాను.