సోమరి ఎవడు? ఉద్దానం నేపథ్యములో శ్రద్ధను గూర్చిన బోధ – ఒక విమర్శ

కష్టపడి పనిచేయుట క్రైస్తవ సద్గుణమనుటలో సందేహము లేదు. పాపము లోకములో ప్రవేశింపక మునుపే దేవుడు నరునికి తోటను సేద్యపరచు పనిని అప్పగించెను (ఆది. 2:15). కనుక పని శాపము కాదు. చెమటయు ముండ్లతుప్పలును శాపముతో వచ్చినవి (ఆది. 3:17-19). అయితే ఈ సద్గుణమును మనము వేదిక మీదనుండి బోధించు తీరు లేఖనానుసారముగా ఉన్నదా అనునదే ఇచ్చట ప్రశ్న.

ఈ అంశముపై మనము ఎక్కువగా ఎత్తుకొను భాగములు రెండు: చీమను గూర్చిన ఉపదేశము (సామె. 6:6-11), పౌలు ఆజ్ఞ (2 థెస్స. 3:10). రెండవదానిని ‘పని చేయనివాడు తినకూడదు’ అని కుదించి చెప్పుట వాడుక. ఇది పౌలు మాట కాదు. గ్రీకు మూలమునందలి ‘థెలో’ అను క్రియకు ఇష్టపడుట, కోరుట అని అర్థము. మన తెలుగు బైబిలు సయితము ‘ఒల్లని’ అను మాటతో ఆ భావమును నిలిపినది. ఆ ఒక్క మాటను విడిచిన యెడల చేయలేనివాడును చేయనొల్లనివాడును ఒకే తీర్పు క్రిందికి వచ్చుదురు.

ఉద్దానములో ఇది వ్యాకరణ చర్చ మాత్రమే కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎందరో రైతులను, కూలీలను మంచము పట్టించినది. దీని కారణముపై పరిశోధకులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. తగిన నీరు లేక ఎండలో చేయు శ్రమ కూడ వారు పరిశీలించిన కారణములలో ఒకటి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. డయాలసిస్‌కు వెళ్లి వచ్చి నీరసముతో కూర్చున్న విశ్వాసికి చీమను చూపుట ఏ విధమైన కాపరిత్వము?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చెను. తిరిగి నాటిన కొబ్బరి కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. వేసవిలో కూర్చుకొన్నదంతయు ఒక్క రాత్రిలో పోగొట్టుకొన్న చీమను సోమరి అందుమా?

సామెతల గ్రంథము ఈ సంగతి ఎరుగనిది కాదు. శ్రద్ధగలవాని చెయ్యి ఐశ్వర్యము కలుగజేయునని బోధించిన గ్రంథమే (10:4), బీదలు దున్నిన భూమి పండినను అన్యాయము దానిని హరించునని ఒప్పుకొనుచున్నది (13:23). మొదటిది అనుభవసారము, వాగ్దాన పత్రము కాదు. రెంటిని కలిపి చదువనివాడు సామెతలను సగమే చదివినవాడు.

బైబిలులో శ్రమజీవులను సోమరులని నిందించినది ఎవరు? ఫరో! గడ్డి ఇయ్యక, ఇటుకల లెక్క తగ్గింపక, అడిగినందుకు సోమరులనెను (నిర్గమ. 5:7-17). ద్రాక్షతోట ఉపమానములో సాయంకాలము వరకు ఊరకే నిలిచినవారు తమ్మును ఎవరును కూలికి పెట్టుకొనలేదనిరి, యజమానుడు వారిని గద్దింపక పని ఇచ్చెను (మత్త. 20:6-7). పలాసలో జీడి పిక్కల సొనకు చేతులు కాల్చుకొను స్త్రీలకును, టెక్కలి గ్రానైట్ క్వారీలలో రాయి కొట్టు కూలీలకును శ్రద్ధను గూర్చి నేర్పవలసినది స్వల్పమే. కూలి బిగబట్టువారికి యాకోబు 5:4 వినిపించుటయే మిగిలియున్నది.

అట్లయిన సోమరితనమును ఉపేక్షించవలెనా? ఎంతమాత్రమును కాదు. పని మాని పరుల జోలికి పోవువారిని పౌలు పేరు పెట్టినట్లే గద్దించెను (2 థెస్స. 3:11). అయితే ఆ గద్దింపునకు ముందు తన చేతులను చూపెను. పోషణ పొందు హక్కు ఉండియు, సంఘమునకు భారము కాకుండునట్లు రాత్రింబగళ్లు కష్టపడెను (3:8-9). కావున ఆ అధ్యాయము మొదట బోధకునినే పరీక్షించును. కూలి డబ్బులలోనుండి కానుక అందుకొను మనము, ఆ వారమంతయు ఎంత శ్రద్ధగా పరిచర్య చేసితిమి?

ఆ గద్దింపు వెంటనే పౌలు, మేలుచేయుటలో విసుకవద్దని సంఘమును హెచ్చరించెను (3:13). చేయనొల్లనివానిని గద్దించి, చేయలేనివానిని పోషించు సంఘమే ఆ అధ్యాయమును పూర్తిగా చదివిన సంఘము.